బోర్డు మీద బొమ్మ... ఇంటికి నోటీసు!

హీరోగారి బొమ్మ లేకుండా మన దగ్గర బోర్డూ లేదు, ఫ్లెక్సీ లేదు. అభిమానంతోనే పెట్టినా, ఆ బొమ్మ కొట్టుకు గిరాకీ తెచ్చే పనిలో ఉంటే కోర్టు దాకా వెళ్లే రోజులొచ్చాయి. అలాంటి నోటీసు వస్తే ఎవరిని కలవాలి? పోనీ, మన బొమ్మనే ఎవరో వాడేసుకుంటే?

రాజమండ్రిలో తాడితోట నుంచి దేవీచౌక్ దాకా ఒక్కసారి తలెత్తి నడవండి. జాకెట్లు కుట్టే టైలరు బోర్డు మీద హీరోయిన్. సెలూన్ అద్దం పైన నలుగురు హీరోల తలకట్లు. జిమ్ గోడ నిండా కండలు తిరిగిన కథానాయకుడు. బిర్యానీ పాయింటు మెనూ కార్డు మీద మీసం మెలేస్తున్న మరో కథానాయకుడు. వాళ్లను అడిగి పెట్టారా అని కొట్టతన్ని అడిగితే నవ్వేస్తాడు. 'అడిగేదేంటండీ బాబూ, మా హీరో అండి!' అంటాడు. ఆ మాటలో తప్పేం లేదు. మొగల్తూరు, పాలకొల్లు, నరసాపురం, రాజమండ్రి... తెలుగు సినిమాకు ఇంతమందిని ఇచ్చిన నేల ఇది. ఇక్కడివాళ్లు తారల్ని ఇంట్లో మనుషుల్లాగే చూస్తారు.

సరే, అలాంటి కొట్టుకే ఓ రోజు రిజిస్టరు పోస్టు వచ్చిందనుకుందాం. కవరు మీద హైదరాబాద్ లాయరుగారి పేరు. లోపల నాలుగు పేజీల ఇంగ్లిషు. ఫలానా నటుడి బొమ్మను, పేరును అనుమతి లేకుండా వ్యాపారానికి వాడుకున్నారు, ఏడు రోజుల్లో తీసేయండి, నష్టపరిహారం కట్టండి, లేదంటే దావా వేస్తాం... ఇదీ సారాంశం. కొట్టు యజమానికి కాళ్లూ చేతులూ ఆడవు. తెలిసిన ప్లీడరుగారు ఒకాయన ఉన్నారు. పొలం గట్టు తగాదాలు, ప్రామిసరీ నోట్లు, భాగపంపకాలు చూస్తారు. ఆయనకు చూపించాలా? హైదరాబాద్ వెళ్లాలా? చించి అవతల పారేస్తే పోదా?

పారేస్తే పోదు. అలాగని బస్సెక్కి హైదరాబాద్ పరుగెత్తాల్సిన పనీ లేదు.

మొగల్తూరు నుంచి సిటీ సివిల్ కోర్టుకు

ఈ కేసులు మనకు దూరం అనుకునే రోజులు పోయాయి. మొగల్తూరులో పుట్టి, నరసాపురం వై.ఎన్. కాలేజీలో చదువుకున్న చిరంజీవి 2025 సెప్టెంబరులో హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టుకు వెళ్లారు. తన పేరు, బొమ్మ, గొంతులను అనుమతి లేకుండా వాడుకుంటున్నారని, వాటితో టీషర్టులు, పోస్టర్లు అమ్ముకుంటున్నారని, కృత్రిమ మేధతో నకిలీ వీడియోలు తయారుచేస్తున్నారని ఆయన ఫిర్యాదు. సెప్టెంబరు 26న కోర్టు మధ్యంతర ఇంజంక్షన్ ఆర్డరు ఇచ్చింది. ఆయన అసలు పేరే కాదు, మెగాస్టార్, చిరు, అన్నయ్య అన్న పిలుపులు కూడా అందులోకి వచ్చాయి. ఊళ్లో ప్రతి ఇంట్లోనూ ఓ అన్నయ్య ఉంటాడు కదా అని కంగారు పడకండి. ఆయన్ని గుర్తుకు తెచ్చేలా వాడి వ్యాపారం చేయడమే అక్కడ అభ్యంతరం.

ఆయన ఒక్కరే కాదు. మంచు విష్ణు 2024లో, నాగార్జున 2025 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు నుంచి ఇలాంటి ఆర్డర్లే తెచ్చుకున్నారు. 2025 డిసెంబరులో జూనియర్ ఎన్టీఆర్, పవన్ కల్యాణ్ అదే దారి పట్టారు. అంతకుముందు అమితాబ్ బచ్చన్ (2022), అనిల్ కపూర్ (2023) వేసిన బాట అది. అనిల్ కపూర్ కేసులో ఆయన ఊతపదం 'ఝకాస్' కూడా రక్షణ జాబితాలో చేరింది.

ఎదుటివాళ్లెవరో తెలియకపోయినా ఇలాంటి ఆర్డరు వస్తుంది. ఎక్కడో కూర్చుని టీషర్టులు అమ్మేవాడి పేరు, ఊరు ఎవరికి తెలుసు? అలాంటప్పుడు ప్రతివాది స్థానంలో ఓ కల్పిత పేరు రాస్తారు. అమెరికా, ఇంగ్లండులలో 'జాన్ డో'. మన కోర్టులు ముద్దుగా పెట్టుకున్న పేరు 'అశోక్ కుమార్'! ఆ పేరు గలవాళ్లు నొచ్చుకోకుందురు గాక.

ఇప్పటిదాకా కోర్టుల్లో కనిపించిన ప్రతివాదుల్లో ఎక్కువమంది ఆన్‌లైన్ అమ్మకందారులు, వెబ్‌సైట్లు, యూట్యూబ్ ఛానళ్లు. వీధి చివరి టైలరు మీదికి ఏ హీరో అయినా దావాకొస్తాడా అంటే, మా అంచనా, రాడు. కానీ నాలుగు ఊళ్లలో శాఖలున్న నగల దుకాణం, చీరల షోరూము, ఇన్‌స్టాగ్రామ్‌లో పచ్చళ్లు అమ్మే సంస్థ ఆ ధీమాతో ఉండకూడదు. ఉత్తరప్రదేశ్‌లోని ముజఫర్‌నగర్ ఏమంత పెద్ద నగరం కాదు. అక్కడి ఓ నగల వ్యాపారి అమితాబ్, జయాబచ్చన్‌ల బొమ్మలతో హోర్డింగు పెట్టాడు. ఆ దంపతులు టైటన్ వారి తనిష్క్ నగల ప్రకటన కోసం దిగిన బొమ్మ అది. టైటన్ కంపెనీ కోర్టుకెక్కింది. 2012లో ఢిల్లీ హైకోర్టు ఆ వ్యాపారికి వ్యతిరేకంగా ఇంజంక్షన్ ఇచ్చింది. ఒక ప్రసిద్ధ వ్యక్తి తన పేరును, రూపాన్ని వ్యాపారంలో ఎవరు ఎలా వాడుకోవాలో తానే నిర్ణయించుకోవచ్చన్న సూత్రాన్ని వివరంగా చెప్పిన తీర్పుల్లో అదొకటి.

బొమ్మ ఒక్కటే... హక్కులు నాలుగు!

లాయరును వెతకడానికి ముందు తెలుసుకోవాల్సింది ఒకటుంది. మన దేశంలో 'సెలబ్రిటీ బొమ్మల చట్టం' అంటూ విడిగా ఏదీ లేదు. ఈ హక్కును కోర్టులు అక్కడో ముక్క, ఇక్కడో ముక్క తెచ్చి కుట్టాయి. తమిళనాడు ఖైదీ ఆటో శంకర్ ఆత్మకథ ప్రచురణ వివాదంలో 1994లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో వ్యక్తిగత గోప్యత ముక్క ఉంది. నకిలీ సరుకు అమ్మే వారిపై వాడే ట్రేడ్‌మార్కు సూత్రం మరో ముక్క. కాపీరైట్ చట్టం ఇంకో ముక్క. మార్ఫింగ్, నకిలీ ఖాతాల దగ్గరికొస్తే ఐటీ చట్టం.

బిర్యానీ పాయింటు మెనూ కార్డునే తీసుకుందాం. మీసం మెలేసే ఆ స్టిల్లు ఏదో సినిమాలోది. అందులో ముఖం నటుడిది. స్టిల్లు మీద కాపీరైటు మామూలుగా నిర్మాతది. కింద రాసిన సినిమా టైటిలు ట్రేడ్‌మార్కుగా రిజిస్టరై ఉంటే దాని యజమాని మరొకరు. ఆ డైలాగును మిమిక్రీ గొంతుతో రికార్డు చేసి మైకులో వేస్తుంటే అది మళ్లీ వేరే తగాదా. గొంతు విషయంలో 2024 జులైలో బొంబాయి హైకోర్టు గాయకుడు అర్జీత్ సింగ్‌కు రక్షణ ఇచ్చింది. కృత్రిమ మేధతో ఆయన గొంతును అనుకరించే సాఫ్ట్‌వేర్లపై వచ్చిన కేసు అది.

గూగుల్‌లో దొరికింది కదా అని తీసుకున్నామండీ అంటే చెల్లదు. దొరకడం వేరు, హక్కు రావడం వేరు. సందర్భం వచ్చింది కాబట్టి మరో మాట. మీ పెళ్లిలో డబ్బిచ్చి తీయించుకున్న ఫొటో మీద తొలి హక్కు, వేరే ఒప్పందం లేకపోతే, కాపీరైట్ చట్టం ప్రకారం మీదే. స్టూడియో వాళ్లు దాన్ని పెద్దది చేసి షోకేసులో పెట్టుకుంటే అడగొచ్చు.

అన్ని వాడకాలూ నేరం కాదు. వార్త, విమర్శ, వ్యంగ్యం, కార్టూను... వీటికి చోటుంది. గాయకుడు దలేర్ మెహందీ రూపంతో పాటలు పాడే బొమ్మల్ని అమ్మినవారిపై 2010లో ఢిల్లీ హైకోర్టు తీర్పిచ్చింది. ఈ హక్కును మరీ సాగదీస్తే వాక్‌స్వాతంత్య్రానికి ఇబ్బందని ఆ తీర్పులోనే హెచ్చరించింది. సొంత పేరు పెట్టుకున్నవారికీ ఊరట ఉంది. ఢిల్లీలో గౌతమ్ గంభీర్ అనే ఆయన రెస్టారెంట్లు నడుపుతూ తన పేరు వేసుకున్నారు. క్రికెటర్ గౌతమ్ గంభీర్ అభ్యంతరం చెబుతూ కోర్టుకెళ్లారు. యజమాని పేరూ అదే కావడం, క్రికెటర్ బొమ్మగానీ ఆయన పేరు ప్రతిష్ఠలుగానీ వాడకపోవడంతో 2017లో ఆ కేసు నిలవలేదు.

కాబట్టి లాయరు దగ్గర కూర్చున్నప్పుడు ఆయన అడిగే మొదటి ప్రశ్నను జాగ్రత్తగా వినండి. 'ఎంత అడుగుతున్నారు?' అని మొదలుపెడితే ఒక లెక్క. 'ఏం వాడారు? ఆ ఫొటో ఎక్కడిది? ఎవరు డిజైన్ చేశారు? ఎప్పటి నుంచి ఉంది?' అని మొదలుపెడితే మీరు సరైన చోటే కూర్చున్నారు.

ఇద్దరు లాయర్లు

ఇక అసలు సంగతి. రాజమండ్రి, భీమవరం, కాకినాడ, ఏలూరు, అమలాపురం... ఎక్కడ చూసినా దిట్టమైన సివిల్ లాయర్లున్నారు. ట్రేడ్‌మార్కు, కాపీరైటు పనే రోజూ చేసేవాళ్లు మాత్రం పెద్ద నగరాల్లోనే ఎక్కువ. అలాగని ఊళ్లో లాయరును పక్కన పెట్టేస్తే మొదటికే మోసం. మన మీదకు ఇంజంక్షన్ వస్తే దాన్ని రద్దు చేయించడం, వాయిదాలు చూసుకోవడం, కాగితాలు కట్టడం... ఇదంతా సివిల్ ప్రొసీజర్ కోడ్ వ్యవహారం. అందులో ఆరితేరిన చేయి కావాలి. చాలా కేసుల్లో కుదిరే ఏర్పాటు ఏమిటంటే, ఊళ్లో ఒకరు, విషయం తెలిసినవారు ఇంకొకరు. వకాల్తా ఇద్దరి పేరా ఇవ్వొచ్చు.

ఈ మాటకు మన రాజమండ్రిలోనే ఓ పాత కథ ఉంది. టంగుటూరి ప్రకాశం పంతులు ఇక్కడ ప్లీడరుగా బాగా సంపాదించారు. మునిసిపల్ ఛైర్మన్ కూడా అయ్యారు. కానీ ఆయన సెకండ్ గ్రేడ్ ప్లీడరు. పై కోర్టుల్లో వాదించే అర్హత ఆ రోజుల్లో ఆ గ్రేడుకు లేదు. అందుకే ఇంగ్లండు వెళ్లి బారిస్టరై వచ్చి మద్రాసులో ప్రాక్టీసు పెట్టారు. ఇప్పుడా గ్రేడులు లేవు. రోల్సులో పేరున్న న్యాయవాది దేశంలో ఎక్కడైనా వాదించొచ్చు. అర్హత సమస్య పోయి అలవాటు సమస్య మిగిలింది.

కేసు ఎక్కడ పడుతుందన్నది ఇంకో చిక్కు. రిజిస్టరైన ట్రేడ్‌మార్కు, కాపీరైటు వివాదాల్లో వాది తాను నివసించే చోట, వ్యాపారం చేసే చోట కూడా దావా వేయొచ్చు. అంటే మీ కొట్టు జంపేటలో ఉన్నా కేసు హైదరాబాద్‌లోనో ముంబయిలోనో పడొచ్చు. ఢిల్లీ హైకోర్టులోనైతే 2021 నుంచి మేధోసంపత్తి కేసులకు ప్రత్యేక విభాగమే ఉంది. తారలు అటు వెళ్లడానికి అదో కారణం. మన ఆంధ్రప్రదేశ్‌లో ఇలాంటి దావాలు జిల్లా స్థాయి కోర్టులో మొదలవ్వాలి. వాణిజ్య వివాదాలకు విజయవాడ, విశాఖపట్నాల్లో ప్రత్యేక కోర్టులున్నాయి. మీ తగాదా వాటిలో దేనికి వెళ్తుందో తొలిరోజే అడిగి తెలుసుకోవాలి. చిరంజీవి కేసు గుర్తుందిగా... అంతటి నటుడికీ ఆర్డరు ఇచ్చింది ఢిల్లీ కాదు, హైదరాబాద్‌లోని సివిల్ కోర్టే. ఢిల్లీ వెళ్తేగానీ పని కాదని ఎవరైనా చెబితే ఎందుకో అడగండి.

మరి మంచి లాయరును కనిపెట్టేదెలా? పేపర్లో ప్రకటనలుండవు. బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం న్యాయవాదులు ప్రచారం చేసుకోకూడదు. వెబ్‌సైటులో పేరు, చిరునామా, చదువు, నమోదు వివరాల్లాంటివి పెట్టుకోవడానికి మాత్రం 2008 నుంచి వీలుంది. 'నంబర్ వన్ లాయర్', 'గ్యారంటీగా గెలుపు' అని ఇంటర్నెట్‌లో కనిపిస్తే అక్కడే అనుమానించాలి. వస్తువుల్లా లాయర్లకు రేటింగులిచ్చి చూపించే వెబ్‌సైట్లపై 2024 జులైలో మద్రాసు హైకోర్టు గట్టిగా మాట్లాడింది.

అందరికీ అందుబాటులో ఉండి, చాలామంది వాడని దారి ఒకటుంది. ప్రభుత్వ ఈ-కోర్ట్స్ వెబ్‌సైటు, ఫోన్ యాప్. వాటిలో కేసు నంబరుతోనే కాదు, లాయరు పేరుతో కూడా వెతకొచ్చు. ఆయన ఎలాంటి కేసులు నడుపుతున్నారు, ఏ కోర్టులో నడుపుతున్నారు, ఎన్ని వాయిదాల్లో ఉన్నాయి... పైసా ఖర్చు లేకుండా తెలుస్తుంది. ఇంజంక్షన్ ఆర్డర్లు అప్‌లోడ్ అయితే చదువుకోవచ్చు కూడా. ఇలాంటి కేసు గెలిచినవారి ఆర్డరులో వాదించిన న్యాయవాది పేరు పైనే ఉంటుంది. ఓడినవారి తరఫున బాగా వాదించిన పేరూ అక్కడే ఉంటుంది. నోటీసు అందుకున్న కొట్టు యజమానికి ఆ రెండో పేరే ఎక్కువ పనికొస్తుందేమో! ఇక పాత పద్ధతి ఉండనే ఉంది. కోర్టు ఆవరణలో నాలుగు రోజులు తిరిగిన వకీలు గుమాస్తాకు ఎవరు ఏ పనిలో దిట్టో తెలిసినంతగా ఇంటర్నెట్‌కు తెలియదు.

నోటీసు వచ్చిన రోజు

మళ్లీ మన కొట్టు దగ్గరికి వద్దాం. లాయరు నోటీసంటే కోర్టు ఆర్డరు కాదు. అందులో రాసిన ఏడు రోజులు అవతలివారు పెట్టుకున్న గడువే. కానీ జవాబివ్వకపోతే రేపు కోర్టులో అదే మన మీద వాడతారు.

బొమ్మ తీసేయడం చాలాసార్లు తెలివైన పని. తీసేముందు ఫొటో తీసి పెట్టుకోండి. ఎంత సైజు, ఎక్కడ పెట్టారు, ఏం రాసి ఉంది అన్నది తర్వాత లెక్కకొస్తుంది. ఫ్లెక్సీ ప్రింటరు బిల్లు, డిజైనరుతో వాట్సాప్ మాటలు, ప్రకటన ఏజెన్సీ ఒప్పందం అన్నీ ఒక కవర్లో వేయండి. ఏజెన్సీ 'హక్కులన్నీ మావే' అని రాసిచ్చి ఉంటే నష్టపరిహారం భారం వాళ్ల మీదికి నెట్టే వీలుంటుంది. నోటీసు పంపిన లాయరుకు మీరే ఫోన్ చేసి 'తప్పయిపోయిందండీ' అనకండి. మన గోదావరి జిల్లాల్లో మర్యాదకు అనేస్తాం. అవతల అది ఒప్పుకోలు కింద జమవుతుంది.

అవతలివారు మనకు తెలియకుండా ఆర్డరు తెచ్చేసుకుంటారన్న భయం ఉంటే కేవియట్ వేయొచ్చు. మా మాట వినకుండా ఆర్డరు ఇవ్వొద్దని కోర్టుకు ముందే చెప్పుకోవడం అన్నమాట. సివిల్ ప్రొసీజర్ కోడ్ 148ఏ సెక్షను కింద అది 90 రోజులు ఉంటుంది. దావా ఏ ఊళ్లో పడొచ్చో ఊహించి అక్కడ వేయాలి. అందుకే లాయరు ఎవరన్నది మొదటి వారంలోనే తేలిపోవాలి.

దావా పడి సమన్లు అందితే వాణిజ్య కేసుల్లో జవాబు దాఖలుకు 30 రోజులు. కోర్టు దయతలిస్తే 120 దాకా. ఆ తర్వాత జవాబు చెప్పుకునే హక్కే పోతుంది. పొలం కేసుల్లో వాయిదాలకు అలవాటు పడినవారు దెబ్బతినేది ఇక్కడే.

రాజీ సంగతి కూడా లాయరును అడగండి. తక్షణ ఇంజంక్షన్ అడగని వాణిజ్య దావాలకు ముందుగా మధ్యవర్తిత్వానికి వెళ్లాలని చట్టమే చెబుతోంది. బొమ్మ తీసేసి, మళ్లీ వాడమని రాసిస్తే చాలా తగాదాలు అక్కడితో ఆగుతాయి.

ఇక ఫీజు. గెలిస్తే ఇంత శాతం అనే బేరం మన దేశంలో కుదరదు. అలా ఒప్పుకోవడం న్యాయవాది వృత్తి నియమాలకే విరుద్ధం. నోటీసు జవాబుకు ఎంత, దావా నడపడానికి ఎంత, బయటి ఊరు వెళ్తే ఒక్కో వాయిదాకు ఎంత అన్నది విడివిడిగా కాగితం మీద రాయించుకోండి. మొహమాటపడితే మొత్తం ఒకే అంకెలో వినిపిస్తుంది, తర్వాత పెరుగుతుంది.

మన బొమ్మే పోతే?

ఇప్పుడు తిరగేసి చూద్దాం. బొమ్మ వాడుకున్నవాళ్లే కాదు, బొమ్మ పోయినవాళ్లకూ లాయరు కావాలి. సీరియల్‌లో చిన్న వేషాలేసే అమ్మాయి ఓ చీరల కొట్టుకు ఫొటోలు దిగింది. మాట ఆరు నెలలకు. మూడేళ్లయినా హోర్డింగు దిగలేదు. పెద్ద తారల ఒప్పందాల్లో ఎన్ని నెలలు, ఏ రాష్ట్రాల్లో, హోర్డింగా టీవీయా ఆన్‌లైనా అన్నీ ఉంటాయి. చిన్నవాళ్లది నోటి మాట. ఆమె వెతకాల్సింది ట్రేడ్‌మార్కు నిపుణుణ్ని కాదు, ఒప్పందాల కేసులు చూసే మామూలు సివిల్ లాయరును. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం అందుతుంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉండేది కోర్టు ఆవరణలోనే. ఫోన్ నంబరు 15100.

మార్ఫింగ్ వీడియో అయితే లాయరు కంటే ముందు ఫోను. సైబర్ నేరాల నంబరు 1930. ఆ వేదిక ఫిర్యాదు అధికారికి రాయడం రెండో పని. జూనియర్ ఎన్టీఆర్, పవన్ కల్యాణ్ కేసుల్లో ఢిల్లీ హైకోర్టు కూడా ముందు ఆ వేదికలకే ఫిర్యాదు ఇవ్వాలన్న దారి చూపించింది. ఆ దారి మీకూ నాకూ తెరిచే ఉంది, పైగా ఉచితం.

అభిమానమే అపాయమైన సంఘటనా మన దగ్గరే ఉంది. 2023 నవంబరులో రష్మిక ముఖాన్ని మరో యువతి వీడియోకు అతికించిన నకిలీ దేశమంతా తిరిగింది. 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు పట్టుకున్నది గుంటూరు ప్రాంతానికి చెందిన 24 ఏళ్ల ఇంజినీరింగు పట్టభద్రుణ్ని. అతను ఆమె అభిమాని. ఆమె పేరిట నడిపే అభిమాన పేజీకి ఫాలోయర్లను పెంచుకోవడానికే చేశాడని పోలీసులు చెప్పారు. అతనికి కావాల్సింది క్రిమినల్ లాయరు. బొమ్మ తగాదాల్లో ఈ గీత ఎక్కడ దాటామో తెలియాలి. వ్యాపారానికి వాడితే సివిల్. మనిషి రూపాన్నే దొంగిలించి ఆమె చేయనిది చేసినట్టు చూపిస్తే జైలు.

కొవ్వలి అమ్మాయి

మొగల్తూరు ఉన్న పాత పశ్చిమగోదావరి జిల్లాలోనే ఏలూరు దగ్గర కొవ్వలి ఉంది. 1960 డిసెంబరు 2న అక్కడ పుట్టిన విజయలక్ష్మిని లోకం సిల్క్ స్మితగా ఎరుగును. చదువు నాలుగో తరగతితో ఆగింది. ఆ తర్వాత దక్షిణాది భాషలన్నిట్లో వందల సినిమాలు. 1996 సెప్టెంబరు 23న మద్రాసులో చనిపోయింది. అప్పటికి 35 ఏళ్లు.

2011లో 'ది డర్టీ పిక్చర్' తయారవుతున్నప్పుడు ఇది మా అక్క కథే, మమ్మల్ని అడగలేదు అంటూ ఆమె సోదరుడు లీగల్ నోటీసు పంపించారు. ఇది స్మిత జీవితకథ కాదని చిత్రబృందం చెప్పింది. సినిమా ఆగలేదు. అది విడుదలైన రోజు 2011 డిసెంబరు 2... స్మిత పుట్టినరోజు. విద్యాబాలన్‌కు జాతీయ అవార్డు తెచ్చింది కూడా. ఆ తర్వాతా ఆమె రూపం తెర మీదికి వస్తూనే ఉంది. 2023లో వచ్చిన 'దసరా'లో ఊరి బారు పేరు సిల్క్ బార్, గోడ మీద ఆమె బొమ్మ. అదే ఏడాది తమిళ 'మార్క్ ఆంటోనీ'లో ఆమె పోలికలున్న నటి కనిపించింది. వాళ్లు తప్పు చేశారని కాదు. అడుగుదామన్నా చట్టం ప్రకారం అడగాల్సిన మనిషి ఉన్నారా అన్నది ప్రశ్న.

కోర్టులు ఇప్పటిదాకా ఎక్కువగా లేరనే చెప్పాయి. జయలలిత జీవితం మీద తీసిన సినిమాను ఆపాలని ఆమె మేనకోడలు వేసిన కేసును 2021లో మద్రాసు హైకోర్టు కొట్టేసింది. మనిషి పోయాక గోప్యత హక్కు వారసులకు ఆస్తిలా రాదని చెప్పింది. సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ తండ్రి వేసిన కేసులో 2023లో ఢిల్లీ హైకోర్టు కూడా అదే అంది. మన అల్లూరి సీతారామరాజు విషయమూ అంతే. 'ఆర్ఆర్ఆర్'లో చరిత్రను వక్రీకరించారంటూ పశ్చిమగోదావరి నుంచి వెళ్లిన పిటిషన్‌ను 2022 మార్చిలో తెలంగాణ హైకోర్టు తోసిపుచ్చింది.

ఒకే జిల్లాలో పుట్టిన ఇద్దరు తారలు. బతికున్న ఆయన 'అన్నయ్య' అన్న పిలుపుకు కూడా రక్షణ తెచ్చుకోగలిగారు. చనిపోయిన ఆమె ముఖానికి కాపలా లేదు. ఇది సబబేనా అంటే, మాకైతే మింగుడుపడటం లేదు. చరిత్రలో మనుషుల గురించి ఎవరూ సినిమా తీయకూడదనీ అనలేం. కానీ కథ చెప్పడం వేరు, చనిపోయిన మనిషి ముఖంతో సబ్బులు అమ్ముకోవడం వేరు. ఆ తేడాను ఏ చట్టమూ ఇంకా రాయలేదు.

అలాంటి కుటుంబం లాయరు దగ్గరికి వెళ్తే ఏమవుతుంది? ఆపించేద్దాం, కోట్లు వసూలు చేద్దాం అనేవాళ్లు దొరుకుతారు. నిజం తెలిసినవాళ్లు ముందు కుదరనివి చెబుతారు. ట్రేడ్‌మార్కు చట్టం 14వ సెక్షను ఉంది. చనిపోయి 20 ఏళ్లు దాటని వ్యక్తి పేరునో రూపాన్నో ఎవరైనా మార్కుగా రిజిస్టరు చేయబోతే, వారసుల సమ్మతి తెమ్మని రిజిస్ట్రారు అడగొచ్చు. స్మిత విషయంలో ఆ 20 ఏళ్లు 2016తోనే అయిపోయాయి. పోయినవారి పరువు తీసి ఇంట్లోవాళ్ల మనసు నొప్పించాలని చేస్తే పరువునష్టం కింద క్రిమినల్ ఫిర్యాదుకు వీలుంది. ఐపీసీలో ఉన్న ఈ మాట భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షనులోకీ వచ్చింది. నిరూపించడం కష్టం.

ఆ తర్వాత ఆ లాయరు మరో ప్రశ్న అడుగుతారు. ఆమె చేత్తో రాసిన ఉత్తరాలు, డైరీలు ఏమైనా ఇంట్లో ఉన్నాయా? రాసినవారు పోయిన తర్వాత కూడా వాటి మీద కాపీరైటు ఉంటుంది, అది వారసులకు వస్తుంది. ముఖం మీద రాని హక్కు ఆ కాగితాల మీద వస్తుంది. పెట్టె తీసి వెతుక్కు రమ్మంటారు.